మైకుసెట్టు ఏలీయా ప్రార్థన చెయ్యడు

ఉప్పలగుప్తం చుట్టుపక్కల ఏ చర్చిలో కూడిక జరిగినా మైకుసెట్టు ఏలీయాదేనండి. బాక్సులు, హారన్లు, కుర్చీలు, షామియానా అన్నీ తన పాత ట్రాలీ ఆటోలో వేసుకుని అందరికంటే ముందొస్తాడు, అందరూ వెళ్లేక వెళ్తాడు. పాస్టరుగారు ఎంత గొంతు పెంచినా అతని మైకు కుయ్యిమనదు. ఆడాళ్లు పాట ఎత్తుకుంటే అటు, మగాళ్లు అందుకుంటే ఇటు, వైరు విప్పుకుంటూ చేతిమైకు పట్టుకెళ్లి అందిస్తాడు. పళ్లూడిన ముసలమ్మలు కూడా ఆ మైకు పట్టుకుని, దుబాయిలో మనవడి వీసా దగ్గర్నించి చూడి కట్టని గేదె దాకా అన్నీ దేవుడికి విన్నవించుకుంటారు.

ఇంతమంది నోటిదగ్గర మైకు పెట్టే ఏలీయా తను మాత్రం ఒక్కనాడూ ప్రార్థన చెయ్యడు.

చెయ్యడంటే చెయ్యడండి. "బాబూ ఏలీయా, ఇవాళ ముగింపు ప్రార్థన నువ్వు చేద్దూ" అని ఏ సంఘపెద్దయినా అన్నాడంటే, "ఉండండి, అక్కడేదో వైరు ఊడినట్టుంది" అని షామియానా వెనక్కి పోతాడు. ఊళ్లో కుర్రాళ్లు దాన్నో వేళాకోళం చేసేసేరు. ఎవడైనా పని ఎగ్గొడితే "వీడికీ వైరు ఊడిందిరోయ్" అంటారు. పెద్దవాళ్లలో కొందరు పొగరన్నారు. కొందరు, లోపల్లోపల విశ్వాసం వదిలేసేడు, పైకి చెప్పట్లేదంతే అని తేల్చేసేరు. మన జనానికి తేల్చెయ్యడం ఎంతసేపండీ!

విశ్వాసం లేకపోవడం కాదండీ బాబూ, ఉండటమే వచ్చిన చిక్కు. అడిగితే దేవుడిస్తాడని అందరూ అంటారు. ఏలీయాకి అది ఖాయంగా తెలుసు. చిన్నప్పుడు ఓసారి అడిగేడు, ఇచ్చేడు. ఆ ఇచ్చినదానికి ఒక మనిషి ప్రాణం పోయింది. తన ప్రార్థనతో తనే చంపేనని ఏలీయా నమ్మకం. అప్పట్నించీ ఎవరికీ చెప్పకుండా మోసుకు తిరుగుతున్నాడు.

తొంభై ఆరు తుఫాను మాట కోనసీమలో ఎవర్నడిగినా చెప్తారు. ఏలీయా వాళ్ల పాక సముద్రానికి దగ్గర్లో ఉండేది. ఆ గాలివానలో అమ్మా నాన్నా ఇద్దరూ పోయేరు, ఎనిమిదేళ్ల వీడు ఎలాగో మిగిలేడు. ఎవరో పెద్దాయన సైకిలు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకొచ్చి పుష్పలతమ్మగారి అనాథపిల్లల హోములో దింపి వెళ్లిపోయేడు.

ఆ హోము దేవదానం అయ్యగారు పెట్టింది. ఆయన పాస్టరు. పెట్టిన కొన్నాళ్లకే గుండె ఆగి పోయేరు. "ఇంక మూసెయ్యండమ్మా" అని చుట్టాలంటే, "మరి పిల్లల్ని ఎక్కడికి పంపమంటారు?" అని ఒక్క మాటడిగి, ఆయన భార్య పుష్పలతమ్మగారే నడుపుకొచ్చేరు. పెంకుటిల్లు, పొడుగాటి వరండా, వెనకాల నాలుగు కొబ్బరిచెట్లు, పాతికమంది పిల్లలు. వాళ్లలో ఆవిడ కడుపున పుట్టినవాడు బెన్నీ ఒక్కడే. కొత్తగా వచ్చినవాళ్లకి వీళ్లలో ఆవిడ కొడుకెవడో పోల్చుకోడం కష్టం. అందరికీ ఒకే చాప, ఒకే చారు, ఒకే తిట్లు.

ఏలీయా వచ్చినప్పుడు వాడికి మాట లేదు. గాలి కాస్త గట్టిగా వీస్తే గోడకి అంటుకుపోయేవాడు. అమ్మగారు మాట్లాడమని బలవంతపెట్టలేదు. సాయంత్రం ప్రార్థనలో తన పక్కన కూర్చోబెట్టుకునేవారు, అంతే. పిల్లలు ఒకళ్ల తర్వాత ఒకళ్లు తలో ముక్క ప్రార్థన చెయ్యాలి, చివర్న అందరూ కలిసి "ఆమేన్" అనాలి. కొన్ని నెలలకి ఓ సాయంత్రం అందరి ఆమేనూ అయిపోయేక, వెనకబడి ఒక్క గొంతు "ఆమేన్" అంది. ఏలీయాది. అమ్మగారు నవ్వేరు, ఏడ్చేరు. బెన్నీ వాణ్ణి భుజాలమీదెక్కించుకుని వరండా అంతా తిప్పేడు.

ఆవేళ అమ్మగారు వాడి తల నిమురుతూ చెప్పేరు. "అమ్మా నాన్నా లేరని బెంగెట్టుకోకు నాన్నా. పైన తండ్రున్నాడు. ఏం కావాలన్నా ఆయన్నడుగు. నన్నడక్కు, నా దగ్గరేం లేదు."

సగం నవ్వులాటకే అన్నారావిడ. వాడు నూటికి నూరుపాళ్లూ నమ్మేడు. ఆ నమ్మకమే వాణ్ణి మనిషిని చేసిందండి, అబద్ధం చెప్పకూడదు. నిద్రలో ఉలిక్కిపడ్డం మానేసేడు. పాటలు నేర్చుకున్నాడు, బడికెళ్లేడు, పిల్లలతో కొట్లాడేడు. పలక కావాలని అడిగితే పలకొచ్చింది. అమ్మ కలలోకి రావాలని అడిగితే వచ్చింది. సైకిలు అడిగితే మాత్రం రాలేదు. ఇంకా కాళ్లందవని దేవుడనుకున్నాడేమోలే అని సరిపెట్టుకున్నాడు.

ఇక్కడ ఆ హోములో తిండి సంగతి చెప్పాలి. అది విశ్వాసం మీద నడిచే హోము. అంటే నెలనెలా పంపే దాతలెవరూ లేరన్నమాట. ఎవరికి మనసు కలిగితే వాళ్లు పెడతారు. ఎవరింట్లోనో పిల్లాడి పుట్టినరోజైతే కేకు ముక్కా బిస్కెట్లూ. ఎవరో పోయి ఏడాదైతే జ్ఞాపకార్థ కూడిక. ఓ పాట, ఓ ప్రార్థన, పోయినాయన మంచితనం గురించి నాలుగు మాటలు, ఆ తర్వాత కోడికూర, పెరుగు, అరటిపండు. పుట్టినరోజులు మర్చిపోతారు గానీ చావులు ఎవరూ మర్చిపోరని హోములో చంటిపిల్లకి కూడా తెలుసు. గేటు దగ్గర జీపు ఆగితే చాలు, "పుట్టినరోజా, జ్ఞాపకార్థమా?" అని గుసగుసలు. జ్ఞాపకార్థమంటే లోపల గంతులే. బయటికొచ్చి మాత్రం మొహాలు వేలాడేసుకుని వరసగా కూర్చునేవారు. పెట్టినవాళ్ల దుఃఖం చూసి పళ్లికిలించకండర్రా అని అమ్మగారు మరీ మరీ చెప్పేవారు.

తుఫాను వెళ్లిన ఏడాదికి ఆ నెలంతా జ్ఞాపకార్థాలే జ్ఞాపకార్థాలు. పిల్లలందరికీ ఒళ్లొచ్చింది. ఏలీయాకి బుగ్గలొచ్చేయి. ఆ పోయినవాళ్లతోపాటే తన అమ్మా నాన్నా కూడా పోయేరని, వాళ్ల పేరున ఎవరూ ఓ కూడిక పెట్టలేదని వాడికి తోచనే లేదు. ఆకలిమీదున్న పిల్లాడికి అవన్నీ ఎక్కడ తోస్తాయండీ! తరవాత ఆ సందడి అణిగిపోయింది. దుఃఖం పాతబడ్డాక జీపులు తగ్గేయి. మళ్లీ గంజి, మళ్లీ గోంగూర పచ్చడి, కొన్ని రోజులు ఉత్త గంజి.

అలాంటి రోజుల్లో ఓ సాయంత్రం ఏలీయా, ప్రార్థనలో తన వంతు రాకముందు కళ్లు గట్టిగా మూసుకుని లోపల్లోపల అడిగేడు. "ప్రభువా, పెద్ద జ్ఞాపకార్థం ఒకటి రప్పించు. చాలా పెద్దది. కోడికూర రెండోసారి కూడా వడ్డించేది."

వంతు వచ్చేక పైకి మాత్రం "అమ్మగారి మోకాళ్ల నొప్పి తగ్గించు" అన్నాడు.

మర్నాడు బెన్నీ పోయేడు.

ఇంటరు చదువుతున్న కుర్రాడండి. పొద్దున్నే ఏదో పనుందని అల్లవరం వైపు సైకిలు మీద వెళ్లేడు. కాలవగట్టు మలుపులో కొబ్బరికాయల లారీ ఎదురొచ్చింది. మధ్యాహ్నానికి వరండాలో తెల్లగుడ్డ కప్పి పడుకోబెట్టేరు.

ఏలీయా ఏడ్చేడు. తనని భుజాలమీద మోసినవాడు మరి. సండేస్కూల్లో, తన పేరే ఉన్న ప్రవక్త ఒకాయన ఓ విధవరాలి చచ్చిపోయిన కొడుకుని ప్రార్థన చేసి లేపేడని విన్నాడు. అమ్మగారూ విధవరాలే, తన పేరూ అదే. ఇంకేం కావాలి? పెట్టె మూసేదాకా బెన్నీ కాళ్ల దగ్గర నించుని, లేపు లేపు అని అడుగుతూనే ఉన్నాడు. బెన్నీ లేవలేదు.

కొన్నాళ్లకి బెన్నీ జ్ఞాపకార్థం ఆదరణ కూడిక పెట్టేరు. చుట్టుపక్కల సంఘాలవాళ్లందరూ కలిసొచ్చి, అమ్మగార్ని పొయ్యి దగ్గరికి రానివ్వకుండా వాళ్లే వండించేరు. అంత పెద్ద కూడిక ఆ హోములో ఎప్పుడూ జరగలేదు. పొద్దున్నించీ ఏడ్చిన ఏలీయాకి కూర వాసన తగిలేసరికి నోరూరింది. వెళ్లి బంతిలో కూర్చున్నాడు, తిన్నాడు. "ఇంకొంచెం వెయ్యమంటావా బాబూ?" అని వడ్డించేవాళ్లడిగితే ఆకు ముందుకి జరిపేడు. రెండోసారి వేసిన ముక్క నోట్లో పెట్టుకున్నాక అప్పుడు గుర్తొచ్చిందండి వాడికి. పెద్దది. చాలా పెద్దది. రెండోసారి కూడా వడ్డించేది. ఒక్క మాట తేడా లేకుండా అడిగింది అడిగినట్టు వచ్చేసింది.

దొడ్లోకి పరిగెత్తి మొత్తం కక్కుకున్నాడు. ఎండదెబ్బన్నారు. అమ్మగారొచ్చేరు. కొడుకుని మట్టిలో పెట్టొచ్చిన మనిషి, వీడి మొహం కడిగి, వీపు నిమురుతూ అక్కడే కూర్చున్నారు. ఆ చెయ్యి వీపుమీద ఉన్నంతసేపూ చచ్చిపోతే బాగుణ్ణనిపించింది వాడికి. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెప్తే గేటు బయటికి పంపేస్తారేమో. పంపేస్తే ఎక్కడికెళ్తాడు? మింగేసేడు.

అంతే, ఆ రోజునించి దేవుణ్ణి ఏమీ అడగలేదు. ప్రార్థనలో వంతొస్తే "వందనాలు ప్రభువా" అని ఊరుకునేవాడు. కొంచెం పెద్దయ్యేక, వందనాల్లో కూడా పొరపాట్న ఏ కోరికైనా దొర్లుతుందేమోనని అది కూడా మానేసేడు. చర్చి మానలేదు, పాటలు మానలేదు. మిగతావాళ్లు అడుగుతుంటే వాళ్లకి దొరకాలని మనసులో ఉండేది. అది కూడా మాటల్లో పెట్టేవాడు కాదు.

పదో తరగతి తప్పేక అమలాపురంలో ఓ సౌండు సర్వీసు షాపులో కుదిరి పని నేర్చుకున్నాడు. తర్వాత సొంతంగా సెట్టు పెట్టుకున్నాడు. మంచి పనివాడని పేరొచ్చింది. అయితే ఆ వచ్చే పిలుపుల్లో సగం జ్ఞాపకార్థ కూడికలకే. ఎవరింట్లోనో మనిషి పోతేనే ఏలీయా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఇంకో పని చూసుకోవచ్చుగా అంటారేమో. చూసేడండి. రొయ్యల చెరువుల మీద కాపలాకెళ్లేడు, కొబ్బరికాయలు ఒలిచేడు. చేతికి పట్టుబడ్డ పని ఇదొక్కటే. మళ్లీ మైకు దగ్గరికే వచ్చి పడ్డాడు. షామియానా కింద పోయినవాళ్ల ఫొటోకి దండేసి పక్కన మైకు స్టాండు బిగిస్తున్నప్పుడల్లా అతను ఆ ఫొటోకేసి చూసేవాడు కాదు. భోజనాల వేళకి ఆటోలోకెళ్లి కూర్చునేవాడు. కోడికూర ముట్టడు. డాక్టరు వద్దన్నాడని చెప్తాడు.

పెళ్లాం ఎస్తేరుది కపిలేశ్వరపురం. మిషను కుడుతుంది, గలగలా మాట్లాడుతుంది, ఉప్పు తక్కువైనా దేవుడికే చెప్పుకుంటుంది. పనుల్లేని నెలల్లో ఆవిడ మోకాళ్లేసి "ప్రభువా, మా ఆయనకి పనులు రప్పించు" అని మొదలెట్టగానే ఏలీయా కయ్యిమనేవాడు. "అలా అడక్కు! నాకు పనులు రావాలంటే ఏం జరగాలో తెలుసా నీకు?"

"ఏం జరగాలేంటండీ, పెళ్లిళ్లు జరగాలి!" అనేది ఎస్తేరు, బిత్తరపోయి.

అదంతా నవ్వుకునే సంగతే. నవ్వుకోలేని సంగతొకటుంది. వాళ్లమ్మాయి నిఖిత నెలలు నిండకుండా పుట్టింది. కాకినాడలో గాజుపెట్టెలో పెట్టేరు. కుట్లతో లేవలేని ఎస్తేరు మొగుడి చెయ్యి పట్టుకుని బతిమాలింది. "ఏవండీ, మీరు తండ్రి. పాప కోసం ఒక్క ముక్క ప్రార్థన చెయ్యండి." ఏలీయా చెయ్యి విడిపించుకుని బయటికెళ్లిపోయేడు. సాయంత్రం దాకా టీకొట్టు బల్ల మీద, నోట్లోంచి ఏ మాటా రాకుండా పళ్లు బిగించుకు కూర్చున్నాడు. పాప బతికింది. తను అడక్కపోబట్టే బతికిందని ఆయన. కన్నతండ్రయ్యుండీ అడగలేదే అని ఆవిడ. ఆ ముల్లు వాళ్లిద్దరి మధ్యా అలాగే ఉండిపోయింది.

అమ్మగార్ని మాత్రం అతనెప్పుడూ వదల్లేదండి. వారం వారం హోముకెళ్లేవాడు. ఫ్యాను బాగుచేసేవాడు, చేప తెచ్చిచ్చేవాడు, ఆవిడ బీపీ బిళ్లలు అయిపోకముందే తెచ్చిపెట్టేవాడు. ఆవిడ "నా బంగారం" అంటే తల దించుకునేవాడు. గోడమీద బెన్నీ ఫొటో ఉన్న గదిలో ఎక్కువసేపు నించునేవాడు కాదు. ఒక్కగానొక్క కొడుకుని పోగొట్టిందే కాక, ఆ కొడుక్కి దక్కాల్సిన బంగారం అనే మాట కూడా తనే తినేస్తున్నానని అతని బాధ.

మొన్న ఎండాకాలంలో అమ్మగారికి కడుపులో గడ్డని తేలింది. అమలాపురం ఆస్పత్రిలో ఆపరేషనన్నారు. ఈ వయసులో, ఈ షుగరుతో, గట్టిగా హామీ ఇవ్వలేమండీ, మీరు ప్రార్థన చేసుకోండి అని డాక్టరుగారే అన్నారు. ఆ పొద్దున్న థియేటరు బయట సంఘం సగం దిగిపోయింది. పాస్టరు ప్రవీణ్ కుమార్ గారు సృష్టి మొదట్నించి అందుకుని, అమ్మగారి దాకా వచ్చేసరికి నర్సమ్మ కాళ్లు మార్చుకుంటూ నించుంది. తర్వాత ఇద్దరు పెద్దలు చేసేరు. ఎస్తేరు ఏడుస్తూ చేసింది. ఆకుపచ్చ గౌనులో స్ట్రెచరు మీద పడుకున్న అమ్మగారు అన్నీ విని, అన్నిటికీ ఆమేనని, కళ్లు తెరిచేరు.

"అందరిదీ అయ్యిందా? ఇప్పుడు ఏలీయా చెయ్యాలి."

అందరూ అతనికేసి చూసేరు. ఏలీయా అటూ ఇటూ చూసేడు. పాపం, అక్కడ ఊడిపోడానికి వైరు కూడా లేదు.

"అందరూ చేసేరు కదండీ అమ్మగారూ…"

"అందరూ చేసేరు. నువ్వు చెయ్యలేదు. నువ్వు చేస్తేనే లోపలికెళ్తాను. లేపోతే ఆటో తియ్యి, ఇంటికెళ్లిపోదాం."

"అమ్మా, డాక్టరుగారు రెడీగా ఉన్నారండీ" అంది నర్సు.

"ఆయన్ని కూడా కాసేపు కూర్చోమనండమ్మా. మీరంతా కాస్త అవతలికెళ్లండి. వీడు నలుగుర్లో చెయ్యడు, సిగ్గు."

జనం జరిగేరు. ఎస్తేరు మాత్రం గోడవారగా నిలబడిపోయింది. ఏలీయా స్ట్రెచరు కడ్డీ పట్టుకున్నాడు.

"నేను చేస్తే మీకు మంచిది కాదండి" అన్నాడు.

"ఎందుక్కాదు?"

"కాదండి. నేనడిగితే మనిషి పోతారండి. బెన్నీబాబు నావల్లే పోయేడండి." ఇంక ఆగలేదు. ఇన్నేళ్లూ పళ్లకింద పెట్టుకున్నదంతా బయటికొచ్చేసింది. పెద్ద జ్ఞాపకార్థం కావాలని అడగడం, మర్నాడే బెన్నీ పోవడం, రెండోసారి ఆకు ముందుకి జరపడం, కక్కుకోవడం, ఆవిడ వీపు నిమిరితే నోరెత్తకుండా కూర్చోడం, అన్నీ చెప్పేసేడు. "మీ కొడుకుని చంపి మీ చేతి అన్నం తిన్నానండి" అన్నాడు ఆఖర్న.

అమ్మగారు తల అతనివైపు తిప్పేరు. అతనికేసే చూసేరు. తర్వాత ఆవిడ మొహంలోకి నవ్వులాంటిది ఒకటొచ్చింది.

"తొమ్మిదేళ్ల వెధవ్వి. దేవుడు నీ మాట విని నా బెన్నీని తీసుకెళ్తాడంట్రా? నీ మాట ఆయన దగ్గర అంత చెల్లుబాటైతే నీ సైకిలేదీ? ఏడాదిపాటు అడిగేవు!"

ఏలీయాకి నవ్వు రాలేదు.

"ఆ ముక్క అడిగింది నువ్వొక్కడివే అనుకున్నావా? పిల్లలందరూ అడిగేవారు. నీ పక్క చాప మీద పడుకునే మధుబాబైతే పైకే అడిగేసేవాడు, నోరు ముయ్యరా అని మొట్టికాయేసేదాన్ని." ఆవిడ నవ్వు అక్కడితో ఆగిపోయింది. గొంతు తగ్గించేరు. "నేను కూడా అడిగేను."

"మీరాండీ?"

"ఆ సాయంత్రమేరా. బియ్యం నిండుకున్నాయి. రేపు పిల్లలకి ఏం వండనూ అని మోకాళ్లేసేను. ఎవరింట్లోనైనా జ్ఞాపకార్థం ఉంటే మా వైపు మళ్లించు తండ్రీ అన్నాను. అడిగి ఊరుకోలేకపోయేను. అల్లవరంలో ఓ పెద్దాయన పోయి ఏడాది కావస్తంది. వాళ్లింటికెళ్లి, కూడిక మా హోములో పెట్టుకుంటారా అని అడిగి రమ్మని తెల్లారగానే బెన్నీని లేపేను. వాడు వెళ్లనన్నాడు. చావుభోజనం అడుక్కోడానికి నాకు సిగ్గమ్మా అన్నాడు. పాతికమంది పస్తుంటే నీకు సిగ్గొచ్చిందేంట్రా అని తిట్టేను. సైకిలెక్కి వెళ్లిపోయేడు, నాకేసి చూడకుండా."

ఆవిడ కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. ఏలీయా తుడవబోయి ఆగేడు.

"పంపించేడు దేవుడు. జ్ఞాపకార్థం నా ఇంట్లోంచే పంపించేడు. ఎవరికి చెప్పుకోనూ? మీకందరికీ అమ్మగార్ని. నువ్వు నీ కథ చెప్తే, నేను నాది చెప్పేను, ఇవాళ్టికి."

ఏలీయా తనొక్కడే అనుకున్నాడిన్నాళ్లూ. ఈవిడ ఇదంతా కడుపులో పెట్టుకుని, రోజూ సాయంత్రం పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, అడగండర్రా అని నేర్పేరా?

"మరి తర్వాత ఎలా అడిగేరండీ? నోరెలా వచ్చిందండీ మీకు?"

"ఎలా ఏంటి? మర్నాడు పొద్దున్న మీకు ఆకలేసింది. అడక్కేం చేస్తాను?" అన్నారావిడ, విసుక్కుంటున్నట్టే. "కోపం రాలేదనుకుంటున్నావా? తిట్టేదాన్ని ఆయన్ని. తిడతానే అడిగేదాన్ని. వినేవాడింకెవడున్నాడు? వినలేదని అననురా. ఆ వరండాలో ఎంతమంది పెరిగేరు, ఒక్కణ్ణీ పస్తు పడుకోబెట్టి చంపలేదాయన."

నర్సు మళ్లీ తొంగి చూసింది. అమ్మగారు చెయ్యెత్తి ఆపేరు.

"ఒక్కటే నన్ను ఇప్పటికీ తినేస్తంది. ఆ సాయంత్రం మనందరం అన్నమే అడిగేం. బెన్నీ కోసం ఎవ్వరూ అడగలేదు. వాడు చల్లగా వెళ్లి రావాలని నేను కూడా అనలేదు, తిట్టి పంపేను. వాడు వెళ్లినట్టు నేను లోపలికి వెళ్లనురా ఏలీయా. నా కోసం నా పిల్లల్లో ఒకడు అడగాలి. నువ్వడుగు. భయపడుతూనే అడుగు."

ఏలీయా కళ్లు మూసుకున్నాడు. ఎంతోమంది ప్రార్థనలు చెవిన పడ్డ మనిషి, ఎక్కడ మొదలెట్టాలో ఎక్కడ ముగించాలో అన్నీ తెలుసు. ఒక్క మాటా గుర్తు రాలేదు.

"ప్రభువా" అన్నాడు. "అమ్మగార్ని తీసుకెళ్లకు. ఈవిడ నాక్కావాలి." ఇంకేదో అందామని చూసి మానేసేడు. "ఆమేన్."

"ఆమేన్" అన్నారు అమ్మగారు. "ఇంతేనా?"

"ఇంతేనండి."

"చాల్లే. ఇంక తోసుకెళ్లండమ్మా."

తలుపులు మూసుకున్నాయి. ఏలీయా బెంచీమీద కూలబడ్డాడు. ఎస్తేరు వచ్చి పక్కన కూర్చుంది.

"పాప పుట్టినప్పుడు…" అని మొదలెట్టేడతను.

"విన్నానండి" అంది ఎస్తేరు. "ముందే చెప్తే ఇద్దరం కలిసి భయపడేవాళ్లం కదా. నేనిన్నాళ్లూ ఎన్నెన్ని అనుకున్నానో మిమ్మల్ని." అతని చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. తప్పు చేసినదానిలా ఆవిడా తలొంచుకుంది.

అమ్మగారు చెప్పినంతమాత్రాన గుండెమీద బరువు దిగిపోయిందా అంటే లేదండి. దిగిపోయిందని చెప్తే అది కథవుతుంది గానీ ఏలీయా అవడు. పిల్లలందరూ అడిగేరు, సరే. అమ్మగారూ అడిగేరు, సరే. రెండోసారి ఆకు ముందుకి జరిపింది మాత్రం తనే కదా! పైగా ఇప్పుడు కొత్త భయం పట్టుకుంది. అడిగేసేడు. ఇన్నేళ్లు బిగబట్టిన నోరు తెరిచి, సరిగ్గా ఈవిడ పేరు మీదే అడిగేసేడు. లోపల ఏం జరుగుతోందో. ఆ అడిగినదే ఆవిడకి ఎసరు పెడుతోందేమో. ఇప్పటికైనా, నేనడగలేదనుకో ప్రభువా అని వెనక్కి తీసేసుకుంటే ఆవిడ బయటపడతారేమో. పెదాలు కదిలేయి. ఎస్తేరు చెయ్యి గట్టిగా పట్టుకుని, పళ్లు బిగించి కూర్చున్నాడు. ఈసారి పళ్లు బిగించింది అడక్కుండా ఉండటానికి కాదు, అడిగింది వెనక్కి తీసుకోకుండా ఉండటానికి.

ఎండ కిటికీ దాటిపోయింది. పాస్టరుగారు టీ తాగొచ్చేరు. వచ్చినవాళ్లు కొందరు పనులున్నాయని వెళ్లిపోయేరు. చాలాసేపటికి తలుపు తీసుకుని వేరే నర్సు బయటికొచ్చింది, ఇందాకటి అమ్మాయి కాదు.

"పుష్పలత గారి తాలూకు ఎవరండీ?"

అందరూ ఒక్కసారి లేచేరు. ఏలీయా అందరికంటే వెనక లేచేడు.

"కంగారు పడకండి, ఆపరేషను బాగానే అయ్యింది. మెలకువొస్తంది. మత్తులో ఇందాకణ్ణించీ ఒకటే కలవరింత, మా అబ్బాయొచ్చేడా, మా అబ్బాయొచ్చేడా అని. వాళ్లబ్బాయి ఎవరండీ? ఒక్కళ్లే రావాలి లోపలికి."

పాస్టరుగారు నేల చూసేరు. ఆవిడ కొడుకు పోయిన సంగతి ఆ అమ్మాయికి ఎలా చెప్పాలో ఎవరికీ తెలీలేదు. ఏలీయాకి తెలుసు, ఆవిడ అడుగుతున్నది బెన్నీనే. అల్లవరం వెళ్లినవాడు ఇంకా రాలేదేమని అడుగుతున్నారు. ఆ పిలుపుకి తను వెళ్తే బెన్నీ చోట్లో కూర్చున్నట్టే. వెళ్లకపోతే ఆవిడ మళ్లీ ఎవరూ రాని గుమ్మంకేసి చూస్తూ పడుకోవాలి.

"అబ్బాయి రాలేదాండీ?" అంది నర్సు, అందరి మొహాలూ చూస్తూ.

ఏలీయా జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చేడు. సిగ్గుతో అతని చెవులు కాలిపోతున్నాయి.

"ఆయ్, వచ్చేనండి" అన్నాడు. "నేనేనండి."